ఓట్ల పునర్లెక్కింపు: స్థానిక ఎన్నికల యంత్రాంగం – వ్యయభారం

వ్యాససంగ్రహం

స్వల్ప ఆధిక్యంతో ఫలితం తేలిన ఎన్నికలో ఓట్లను తిరిగి లెక్కించమని అడిగే హక్కు ఎవరిది, దానిని అంగీకరించే అధికారం ఎవరిది, అందుకయ్యే ఖర్చు ఎవరు భరించాలి అనే మూడు ప్రశ్నలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. భారతదేశంలో రిటర్నింగ్ అధికారి స్థాయిలో జరిగే ప్రక్రియను, కాగితపు చీటీల లెక్కింపు, యంత్రాల తనిఖీ, న్యాయస్థానాల వైఖరి అనే అంశాలను ప్రధానంగా వివరించి, వ్యయవిధానం విషయంలో అమెరికాలోని విస్కాన్సిన్, వాషింగ్టన్ రాష్ట్రాల అనుభవాలతో పోల్చి చూస్తుంది.

కీలకపదాలు: పునర్లెక్కింపు, రిటర్నింగ్ అధికారి, ఫారం 20, వీవీప్యాట్, ఎన్నికల పిటిషన్, వ్యయభారం.

1. ప్రస్తావన

1989 లోక్‌సభ ఎన్నికల్లో అనకాపల్లి స్థానం 9 ఓట్ల తేడాతో తేలింది. 2019లో విజయవాడ సెంట్రల్ శాసనసభ స్థానంలో ఆధిక్యం 25 ఓట్లు. 2008లో రాజస్థాన్‌లోని నాథ్‌ద్వారాలో ఒకరికి 62,216, మరొకరికి 62,215 ఓట్లు వచ్చాయి. లక్షమందికి పైగా ఓటర్లున్న నియోజకవర్గంలో ఇటువంటి తేడా వచ్చినప్పుడు, ఒక బల్ల దగ్గర ఒక అంకె తారుమారైతే ప్రజాతీర్పే మారిపోతుంది. అందువల్ల పునర్లెక్కింపును ఓడిన అభ్యర్థి మంకుపట్టుగా మాత్రమే చూడలేము. అలాగని అడిగిన ప్రతిచోటా తిరిగి లెక్కిస్తూపోతే ఏ ఫలితమూ స్థిరపడదు. ఈ రెంటి మధ్య గీత గీసే పని చట్టం చాలామేరకు స్థానిక అధికారి విచక్షణకే వదిలింది.

పదం గురించి ఒక మాట. ‘పునర్లెక్కింపు’ సంస్కృత, తెలుగు పదాల కలయిక. లాక్షణికులు వైరిసమాసమని ఆక్షేపించదగ్గదే. ‘పునర్గణన’ అనవచ్చుగాని, అది జనగణనను స్ఫురింపజేస్తుంది. పత్రికలు స్థిరపరచిన ‘పునర్లెక్కింపు’నే ఈ వ్యాసంలో వాడుతున్నాను. జనవ్యవహారంలో ఉన్నది మాత్రం ‘రీకౌంటింగ్’. ఆ ఒక్క మాట కింద నిజానికి మూడు వేర్వేరు పనులు కలగలిసిపోయాయి: లెక్కించిన ఓట్లను మళ్లీ లెక్కించడం, చెల్లదని పక్కన పెట్టిన ఓటు చెల్లుబాటును మళ్లీ పరిశీలించడం, ఓటు నమోదు చేసిన యంత్రాన్ని తనిఖీ చేయడం. ఈ మూడింటికీ నిబంధనలు వేరు, గడువులు వేరు, ఖర్చులు వేరు. చర్చల్లో వచ్చే గందరగోళానికి సగం కారణం ఈ తేడాను గుర్తించకపోవడమే.

2. లెక్కింపు కేంద్రంలో రిటర్నింగ్ అధికారి

1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 64వ సెక్షన్ ప్రకారం ఓట్ల లెక్కింపు రిటర్నింగ్ అధికారి చేతనో, ఆయన పర్యవేక్షణలోనో జరగాలి. పునర్లెక్కింపు విధానం 1961 నాటి ఎన్నికల నిర్వహణ నియమాలలోని 63వ నియమంలో ఉంది. లెక్కింపు పూర్తయ్యాక అధికారి ప్రతి అభ్యర్థికి వచ్చిన మొత్తం ఓట్లను ఫారం 20లోని ఫలితాల పట్టికలో నమోదు చేసి ప్రకటించాలి. ఆ ప్రకటన తర్వాత అభ్యర్థి, ఆయన లేనప్పుడు ఎన్నికల ఏజెంటు లేదా కౌంటింగ్ ఏజెంటు, కారణాలు చూపుతూ లిఖితపూర్వకంగా దరఖాస్తు చేసుకోవచ్చు. మొత్తం ఓట్లను గాని, కొంత భాగాన్ని గాని తిరిగి లెక్కించమని కోరవచ్చు. అధికారి పూర్తిగానో పాక్షికంగానో అంగీకరించవచ్చు. అభ్యర్థన నిరాధారమని, అసమంజసమని తోస్తే తిరస్కరించవచ్చు. ఏ నిర్ణయమైనా లిఖితపూర్వకంగా, కారణసహితంగా ఉండాలి.

ఈ నియమంలో అతి కీలకమైనది కాలానికి సంబంధించిన అంశం. ఫారం 20పై అధికారి సంతకం పడ్డాక మరి ఏ దరఖాస్తునూ స్వీకరించడానికి వీలులేదు. అయితే సంతకం చేసేముందు, అక్కడున్న అభ్యర్థులకూ ఏజెంట్లకూ దరఖాస్తు చేసుకోవడానికి తగిన అవకాశం ఇచ్చి తీరాలని అదే నియమం నిర్దేశిస్తున్నది. ‘తగిన అవకాశం’ అంటే ఎన్ని నిమిషాలో నియమం చెప్పదు. బయట ఊరేగింపులు మొదలై, లోపల ఏజెంట్లు అలసి సగం మంది వెళ్లిపోయిన వేళ ఆ కొద్ది వ్యవధికి ఎంత విలువ ఉంటుందో, కౌంటింగ్ సూపర్‌వైజర్లుగా విధులు నిర్వహించిన అధ్యాపకులకు వేరే చెప్పనక్కరలేదు. ఆ వ్యవధిలో కాగితం మీద పెట్టని అభ్యంతరాన్ని తర్వాత న్యాయస్థానంలో నిలబెట్టడం కష్టమవుతుంది.

ఈ దశలో పునర్లెక్కింపుకు అభ్యర్థి పైసా చెల్లించనక్కరలేదు. సిబ్బంది అక్కడే ఉంటారు, బల్లలు అక్కడే ఉంటాయి; అదనపు వ్యయం ఎన్నికల వ్యయంలోనే కలిసిపోతుంది. లోక్‌సభ ఎన్నికల వ్యయాన్ని కేంద్రం, శాసనసభ ఎన్నికల వ్యయాన్ని రాష్ట్రం భరిస్తాయి. రెండూ కలిసి జరిగితే పంచుకుంటాయి.

అయితే ఎలక్ట్రానిక్ యంత్రం విషయంలో ‘తిరిగి లెక్కించడం’ అంటే ఏమిటి? కంట్రోల్ యూనిట్‌పై ఫలితం మీటను మరొకసారి నొక్కడమే. అదే యంత్రం అదే అంకెను చూపుతుంది. ఆ అంకెను పట్టికలోకి ఎక్కించడంలో జరిగిన పొరపాటు మాత్రమే ఇలా బయటపడుతుంది. ప్రిసైడింగ్ అధికారి నింపిన ఫారం 17సి లోని మొత్తంతో పోల్చడం ఇందుకు ప్రధాన సాధనం. చెల్లుబాటును నిర్ణయించే మానవవివేచన మిగిలింది ఒక్క తపాలా ఓట్ల విషయంలోనే. అందుకే గెలుపు తేడా కంటే తిరస్కృతమైన తపాలా ఓట్లు ఎక్కువగా ఉంటే, వాటన్నిటినీ ఫలితం ప్రకటించేముందు తప్పనిసరిగా మళ్లీ పరిశీలించాలని ఎన్నికల సంఘం ఆదేశించింది. దరఖాస్తుతో నిమిత్తం లేకుండా తేడానుబట్టి దానంతటదే అమలయ్యే సూత్రం ఇక్కడ కనిపిస్తుంది. ఇతర ఓట్లకు 63వ నియమంలో ఇటువంటి సూత్రం లేదు.

గ్రామపంచాయతీల స్థితి దీనికి భిన్నం. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో సర్పంచి, వార్డు సభ్యుల ఎన్నికలు నేటికీ కాగితపు బ్యాలెట్లతోనే జరుగుతున్నాయి. పోలింగ్ ముగిసిన రోజే లెక్కింపు మొదలవుతుంది. ముద్ర రెండు గుర్తుల మధ్య గీత మీద పడిందా, ఓటర్ల జాబితా చిన్నదైన వార్డులో ఒక్క ఓటు చెల్లుతుందా చెల్లదా అన్నది అక్కడి చిన్న ఉద్యోగి తేల్చాలి. అభ్యర్థులిద్దరూ ఆయనకు తెలిసినవారే కావచ్చు. ఓట్లు సమానమైతే చీటీ తీసి నిర్ణయిస్తారు. అసలైన పునర్లెక్కింపు, అంటే ప్రతి కాగితాన్నీ మళ్లీ చేతిలోకి తీసుకుని చూడడం, మన దగ్గర నిత్యానుభవంగా ఉన్నది ఈ అట్టడుగు స్థాయిలోనే. పరిశోధకుల దృష్టి మాత్రం ఎక్కువగా పార్లమెంటు, శాసనసభ ఎన్నికలపైనే నిలిచింది.

3. కాగితపు చీటీ: లెక్కింపు, తనిఖీ

ఓటరు ఎవరికి ఓటు వేశారో 7 సెకన్ల పాటు చూపి పెట్టెలో పడే వీవీప్యాట్ చీటీ 2013లో నియమాల్లోకి వచ్చింది. అదే ఏడాది నాగాలాండ్‌లోని నోక్సెన్ ఉపఎన్నికలో తొలిసారిగా వాడారు. దీనితోపాటు వచ్చిన 56డి నియమం పునర్లెక్కింపుకు కోల్పోయిన అర్థాన్ని కొంతవరకు తిరిగి ఇచ్చింది. ఫలితం ప్రకటించాక అభ్యర్థి పెట్టెలోని చీటీలను లెక్కించమని లిఖితపూర్వకంగా కోరవచ్చు. అధికారి అంగీకరించి లెక్కించినప్పుడు, యంత్రంలోని అంకెకూ చీటీల సంఖ్యకూ తేడా వస్తే చీటీల లెక్క ప్రకారమే ఫారం 20ను సవరించాలి. అంటే చట్టం దృష్టిలో కాగితానిదే తుదిమాట. కాని ఆ కాగితాన్ని బయటికి తీయాలా వద్దా అన్నది మళ్లీ అధికారి విచక్షణే.

దరఖాస్తుతో సంబంధం లేకుండా కొన్ని పెట్టెలను లెక్కించే పద్ధతి కూడా ఉంది. మొదట్లో ప్రతి శాసనసభ సెగ్మెంటులో లాటరీ తీసి ఒక పోలింగ్ కేంద్రపు చీటీలను లెక్కించేవారు. నారా చంద్రబాబునాయుడు ప్రభృతులు వేసిన పిటిషన్‌పై 2019 ఏప్రిల్ 8న సుప్రీంకోర్టు ఆ సంఖ్యను 5కు పెంచింది. పిటిషనర్లు కోరినది 50 శాతం. అలా చేస్తే ఫలితాలు ఐదారు రోజులు ఆలస్యమవుతాయన్నది ఎన్నికల సంఘం వాదన. ఈ వాదనలో ఖర్చు డబ్బు రూపంలో గాక కాలం రూపంలో కనిపిస్తుంది. దేశమంతటా ప్రభుత్వమేర్పాటు ఐదారు రోజులు ఆగడం పెద్ద మూల్యమా, కాదా? నా దృష్టిలో వారాల తరబడి విడతలవారీగా పోలింగ్ జరిపే దేశంలో ఇది అంత బలమైన వాదన కాదు.

2024 ఏప్రిల్ 26న ప్రజాస్వామ్య సంస్కరణల సంఘం కేసులో జస్టిస్ సంజీవ్ ఖన్నా, జస్టిస్ దీపాంకర్ దత్తాల ధర్మాసనం చీటీలన్నిటినీ లెక్కించాలన్న కోరికను తోసిపుచ్చుతూనే కొత్త వెసులుబాటు ఒకటి కల్పించింది. రెండు, మూడు స్థానాల్లో నిలిచిన అభ్యర్థులు ఫలితం వచ్చిన 7 రోజుల్లోగా కోరితే, సెగ్మెంటులోని 5 శాతం యంత్రాల మైక్రోకంట్రోలర్లను తయారీసంస్థల ఇంజినీర్లు తనిఖీ చేయాలి. ఖర్చు అభ్యర్థి భరించాలి; యంత్రంలో అక్రమం జరిగినట్లు తేలితే ఆ సొమ్ము వాపసు ఇవ్వాలి.

ఇక్కడే వ్యయం మొదటిసారి స్పష్టమైన అంకెగా మారింది. 2024 జూన్‌లో ఎన్నికల సంఘం ఒక్కొక్క యంత్రసముదాయానికి 40,000 రూపాయలు, దానిపై 18 శాతం జీఎస్టీ, మొత్తం 47,200 రూపాయలుగా రుసుము నిర్ణయించింది. 250 పోలింగ్ కేంద్రాలున్న శాసనసభ నియోజకవర్గంలో 5 శాతం అంటే సుమారు 12 యంత్రాలు. ఖర్చు 5,66,400 రూపాయలు. ఏడు సెగ్మెంట్ల లోక్‌సభ స్థానమైతే దాదాపు 40 లక్షలు. పెద్ద పార్టీ అభ్యర్థికి ఇది మోయదగ్గ భారమే. స్వతంత్రంగా పోటీచేసి మూడో స్థానంలో నిలిచిన వ్యక్తికి ఇది మూసిన తలుపు. 2024 సార్వత్రిక ఎన్నికల తర్వాత ఈ తనిఖీ కోరినవారిలో విజయనగరం, జహీరాబాద్ లోక్‌సభ స్థానాల అభ్యర్థులు, ఒంగోలు, గజపతినగరం శాసనసభ స్థానాల అభ్యర్థులు ఉన్నారు. యంత్రాలు తయారుచేసే రెండు సంస్థల్లో ఒకటైన ఈసీఐఎల్ హైదరాబాదులోనే ఉంది.

డబ్బు కట్టినవారికి దక్కేది పునర్లెక్కింపేనా? కాదు. 2024 జూలైలో ప్రకటించిన సాంకేతిక విధివిధానం ప్రకారం ఆ యంత్రంపై గరిష్ఠంగా 1,400 ఓట్ల వరకు నమూనా పోలింగ్ జరిపి చూపుతారు. యంత్రం ఇప్పుడు సరిగా పనిచేస్తున్నదని దీనివల్ల తెలియవచ్చు. పోలింగ్ రోజున నమోదైన ఓట్లు ఎన్నో తెలియదు. తీర్పు ఉద్దేశం, అమలు విధానం ఒకటేనా అన్న ప్రశ్న మళ్లీ సుప్రీంకోర్టు ముందుకు వెళ్లింది. 2025 ఫిబ్రవరిలో న్యాయస్థానం యంత్రాల్లోని డేటాను చెరపవద్దని చెబుతూ, 40,000 రూపాయల రుసుము అధికమని వ్యాఖ్యానించింది. తర్వాత విధివిధానం, రుసుము రెండూ సవరణకు లోనయ్యాయి.

4. న్యాయస్థానం గడప

రిటర్నింగ్ అధికారి తిరస్కరించాక మిగిలే దారి ఎన్నికల పిటిషన్. ఫలితం వెలువడిన 45 రోజుల్లోగా హైకోర్టులో దాఖలు చేయాలి. ప్రజాప్రాతినిధ్య చట్టం 117వ సెక్షన్ ప్రకారం చెల్లించవలసిన హామీ సొమ్ము 2,000 రూపాయలు. ఇది చూసి ఈ దారి చౌకైనదనుకోరాదు. న్యాయవాదుల ఫీజులు, సాక్షుల ప్రయాణాలు, ఏళ్ల తరబడి వాయిదాలు దీని అసలు ఖర్చు.

పెట్టెలు తెరిపించే విషయంలో సుప్రీంకోర్టు తొలినుంచీ కఠినంగానే ఉంది. రాంసేవక్ యాదవ్ కేసు (1964) మొదలు, పిటిషనర్ ముఖ్యవాస్తవాలను వివరంగా పేర్కొనాలని, తొలిచూపులోనే నమ్మదగ్గ ఆధారం ఉండాలని, ఏదైనా దొరుకుతుందేమోనని వెతికే విచారణకు అనుమతి ఉండదని చెబుతూ వచ్చింది. తేడా స్వల్పంగా ఉండడం ఒక్కటే పునర్లెక్కింపుకు కారణం కాదన్నది వడివేలు కేసు (2000)లో స్పష్టమైంది. ఇందుకు చెప్పే ప్రధాన హేతువు ఓటు రహస్యం. ఈ ధోరణికి పరాకాష్ఠ షంసుద్దీన్ కేసు (1989). పంచాయతీ అధ్యక్షపదవి ఎన్నికలో ట్రిబ్యునల్ ఆదేశంపై ఓట్లు తిరిగి లెక్కిస్తే ఫలితం తారుమారైంది. అయినా, లెక్కించాక బయటపడినదాన్ని చూపి లెక్కించమన్న ఆదేశాన్ని సమర్థించలేమని, ఆదేశం ఇచ్చిననాటికి తగిన ఆధారం ఉందా లేదా అన్నదే ప్రశ్న అని న్యాయస్థానం తేల్చింది. శాస్త్రరీత్యా ఈ తర్కం దోషరహితమే. ఎక్కువ ఓట్లు వచ్చిన మనిషి ఇంట్లో కూర్చోవలసిరావడాన్ని ఓటరుకు వివరించడం మాత్రం సులభం కాదు.

హర్యానాలోని పానిపట్ జిల్లా బువానా లాఖూ గ్రామ సర్పంచి ఎన్నిక ఈ కాఠిన్యానికి ఇటీవలి మినహాయింపు. 2022 నవంబరులో జరిగిన ఆ ఎన్నికలో ఒక బూత్‌లో ఇద్దరు అభ్యర్థుల ఓట్లు ఒకరివి మరొకరికి నమోదయ్యాయన్నది వివాదం. ట్రిబ్యునల్ ఒక్క బూత్ ఓట్లు తిరిగి లెక్కించమంది, హైకోర్టు కాదంది, చివరికి సుప్రీంకోర్టు యంత్రాలను ఢిల్లీకి తెప్పించి, తన రిజిస్ట్రార్ చేత అన్ని బూత్‌ల ఓట్లనూ లెక్కింపజేసింది. 2025 ఆగస్టులో తేలిన లెక్క ప్రకారం ఓడినట్లు ప్రకటితుడైన అభ్యర్థికి 1,051, పదవిలో ఉన్న వ్యక్తికి 1,000 ఓట్లు వచ్చాయి. పట్టికలో రెండు అంకెలు సరిచూస్తే ఒక్క సాయంత్రంలో ముగియవలసిన పని అయిదేళ్ల పదవిలో సగానికి పైగా కాలాన్ని మింగింది. లెక్కింపు కేంద్రంలో ఉచితంగా దొరికేదాన్ని అక్కడ వదులుకుంటే తర్వాత ఎంత ఖరీదవుతుందో ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ నాకు కనిపించలేదు.

భద్రపరచడం కూడా ఖర్చులో భాగమే. 2018లో ధర్మపురి శాసనసభ స్థానం 441 ఓట్ల తేడాతో తేలింది. దానిపై పిటిషన్ విచారణలో హైకోర్టు ఆదేశం మేరకు 2023 ఏప్రిల్‌లో స్ట్రాంగ్‌రూమ్ తెరవబోతే తాళంచెవులు దొరకలేదు. తాళాలు పగలగొట్టడానికి మళ్లీ అనుమతి అవసరమైంది. నాలుగున్నరేళ్లలో అధికారులు మారతారు, కార్యాలయాలు మారతాయి. చేతులు మారిన ప్రతిసారీ జాబితా రాసి సంతకం తీసుకునే పద్ధతి సరిగా లేకపోతే పునర్లెక్కింపు హక్కు తాళం దగ్గరే ఆగిపోతుంది.

5. ముందుగా డబ్బు కట్టే పద్ధతి: విస్కాన్సిన్, వాషింగ్టన్

అమెరికాలో ఎన్నికలు నిర్వహించే జాతీయస్థాయి యంత్రాంగం లేదు. విస్కాన్సిన్‌లో 72 కౌంటీల క్లర్కులు, సుమారు 1,850 మునిసిపల్ క్లర్కులు ఆ పని చేస్తారు. అక్కడ పునర్లెక్కింపు కౌంటీ స్థాయి కాన్వాసర్ల మండలి బాధ్యత. తేడా 0.25 శాతం లోపు ఉంటే అభ్యర్థి ఖర్చు భరించనక్కరలేదు. అంతకు మించితే కౌంటీలు ముందుగా వేసిన అంచనా సొమ్మును కట్టాలి. పని ముగిశాక అసలు ఖర్చుతో సరిచూస్తారు.

2016 అధ్యక్ష ఎన్నికల్లో ఆ రాష్ట్రంలో సుమారు 1 శాతం ఓట్లు మాత్రమే పొందిన గ్రీన్ పార్టీ అభ్యర్థి జిల్ స్టైన్ పునర్లెక్కింపు కోరి, విరాళాలు సేకరించి, దాదాపు 35 లక్షల డాలర్లు కట్టారు. అసలు ఖర్చు సుమారు 20 లక్షలకే పరిమితమై మిగతాది వాపసు వచ్చింది. గెలిచిన ట్రంప్ ఆధిక్యం 131 ఓట్లు పెరిగింది. గెలిచే అవకాశమే లేని అభ్యర్థి రాష్ట్రమంతటి క్లర్కులనూ పనిలో పెట్టడం తగునా అన్న చర్చ ఫలితంగా, 1 శాతం లోపు తేడాతో ఓడినవారే ఇకపై అడగవచ్చునని చట్టం మార్చారు.

2020లో అదే రాష్ట్రంలో ఓడిన ట్రంప్ పక్షానికి రాష్ట్రమంతటికీ ఇచ్చిన అంచనా 79 లక్షల డాలర్లు. ఆ పక్షం 30 లక్షలు కట్టి మిల్వాకీ, డేన్ అనే రెండు కౌంటీలను మాత్రమే ఎంచుకుంది. రెండూ ప్రత్యర్థికి బలమైన కౌంటీలు. కొవిడ్ కాలం కావడంతో సిబ్బంది, పరిశీలకులు దూరం పాటించడానికి పెద్ద సమావేశమందిరాలు తీసుకోవలసి వచ్చింది. లెక్కింపు ముగిసేసరికి బైడెన్ ఆధిక్యం 87 ఓట్లు పెరిగింది. డబ్బు చెల్లించేవారు ఎక్కడ లెక్కించాలో కూడా ఎంచుకోగలగడం ఈ పద్ధతిలోని ప్రధాన లోపం. తమకు బలమున్న కౌంటీలలో పొరపాట్లు ఉన్నాయేమో చూడవలసిన అవసరం వారికి లేదు.

వాషింగ్టన్ రాష్ట్రంలో 2004 గవర్నరు ఎన్నిక ఇంకొక పాఠం. మొదటి లెక్కలో డీనో రోసీకి 261 ఓట్ల ఆధిక్యం. చట్టప్రకారం జరిగిన యంత్రపునర్లెక్కింపులో అది 42కు తగ్గింది. అప్పుడు డెమొక్రటిక్ పార్టీ దాదాపు 7,30,000 డాలర్లు కట్టి చేతితో లెక్కించమని కోరింది. పొరపాటున తిరస్కరించిన వందలాది బ్యాలెట్లు కింగ్ కౌంటీలో బయటపడ్డాయి. తుదిలెక్కలో క్రిస్టీన్ గ్రెగోయిర్ 129 ఓట్లతో గెలిచారు. ఫలితం మారింది గనుక కట్టిన సొమ్ము వాపసు వచ్చింది. ఆ వారాల్లో అంత మొత్తం పార్టీకి సమకూరకపోతే? రాష్ట్రానికి వేరే గవర్నరు ఉండేవారు.

6. ఎవరు చెల్లించాలి

రుసుము విధించడానికి చెప్పే కారణం నిరాధారమైన అభ్యర్థనలను అరికట్టడం. కాని రుసుము అభ్యర్థన బలాన్ని కొలవదు, అభ్యర్థి జేబును కొలుస్తుంది. తేడా ఎంత అన్న ప్రమాణమైతే ఎవరి ఆస్తితోనూ పనిలేదు. విస్కాన్సిన్ 0.25 శాతం సూత్రం, మన తపాలా ఓట్ల సూత్రం ఈ కోవకు చెందినవే. స్వల్ప తేడా ఉన్నచోట తప్పు అధికారిదో, యంత్రానిదో, ఎవరిదీ కాదో తేల్చడం ఎన్నిక నిర్వహించే సంస్థ బాధ్యతగా చూడడం సమంజసమని నా అభిప్రాయం. దరఖాస్తు లేకుండానే, ప్రభుత్వ ఖర్చుతోనే, నిర్ణీత శాతం లోపు తేడా ఉన్న స్థానాల్లో చీటీలన్నిటినీ లెక్కించవచ్చు. అటువంటి స్థానాలు ఏ ఎన్నికలోనైనా కొన్నే ఉంటాయి గనుక ఐదారు రోజుల ఆలస్యమన్న అభ్యంతరం ఇక్కడ వర్తించదు. తేడా ఎక్కువైనప్పుడు అడిగేవారిచేత కొంత సొమ్ము కట్టించడాన్ని, అదీ వాపసు షరతుతో, తప్పుపట్టనక్కరలేదు. ఓటు రహస్యానికి భంగమన్న వాదన కూడా చీటీల విషయంలో బలహీనపడుతుంది. వీవీప్యాట్ చీటీపై ఓటరు పేరుగాని వరుససంఖ్యగాని ఉండదు.

ఈ విషయంలో పరిశోధనకు పెద్ద అవరోధం లెక్కలే. విస్కాన్సిన్‌లో కౌంటీలు సమర్పించిన అంచనాలు, బిల్లులు బహిరంగపత్రాలు గనుక సిబ్బంది వేతనమెంతో, మందిరం అద్దె ఎంతో చూసి చర్చించవచ్చు. మన దగ్గర పునర్లెక్కింపు వ్యయం ఎన్నికల మొత్తం వ్యయంలో కలిసిపోవడంతో విడిగా తెలియదు. 63వ నియమం కింద వచ్చిన దరఖాస్తులు, వాటిపై అధికారులు కారణాలతో రాసిన ఉత్తర్వులు జిల్లా ఎన్నికల కార్యాలయాల దస్త్రాల్లోనే ఉండిపోతున్నాయి. పంచాయతీ ఎన్నికలకు సంబంధించినవైతే మరీ చెదరిపోయి ఉంటాయి. సమాచారహక్కు చట్టం ద్వారా ఒక్క జిల్లాకు చెందిన ఉత్తర్వులను సేకరించినా, ఎంత తేడా ఉన్నప్పుడు అంగీకరించారు, ఏ మాటలతో తిరస్కరించారు, ‘నిరాధారం’ అన్న పదాన్ని ఎలా అన్వయించారు అన్నవి పరిశీలించడానికి తగిన సామగ్రి లభిస్తుంది.